తల్లిదండ్రుల ఆదివారం

ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు అమ్మ నా రెండో జడ అల్లడం ముగించి, రిబ్బను ముడి బిగించి, నా భుజాలు పట్టుకుని పిన్ని వైపు తిప్పింది.

"ఇంద, నీ కూతురు" అంది.

నవ్వింది. పిన్ని కూడా నవ్వింది. బాబాయి గోడ గడియారం చూసి, తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండాలి, కానీండి అన్నాడు.

అది నరసరావుపేటలో బాబాయి అద్దెకుంటున్న ఇల్లు. ఎనభైల మొదట్లో ఒక జూన్ నెల. నాకు ఎనిమిదేళ్లు. గురజాల దగ్గర మా ఊళ్లో మూడో తరగతి అయిపోయింది. ఆ రోజు నన్ను ఇంగ్లీషు బళ్లో చేర్చడానికి తీసుకెళ్తున్నారు. తీసుకెళ్లేది బాబాయి, పిన్ని. వాళ్లు నాకు తల్లిదండ్రులుగా వెళ్తున్నారు. అమ్మ మాతో వచ్చి గేటు బయట ఆగాలి. నాన్న ఊళ్లోనే ఉండిపోయాడు.

ఆ బడి ఊరి శివార్లలో కొత్తగా కట్టారు. హాస్టల్ ఉండేది. బోర్డు మీద ఇంటర్నేషనల్ అని రాసి ఉండేది. అందులో చదివే పరదేశీయులు ఎవరని బాబాయిని అడిగితే, "కృష్ణ అవతల మిర్యాలగూడ నుంచి ఇద్దరొచ్చారు" అన్నాడు. బాబాయి బ్యాంకులో గుమాస్తా. హాస్యం ఆయనకు అలవాటు. ఈ సంగతిలో మాత్రం ఆ ఒక్కసారే హాస్యమాడాడు.

నన్ను ఇంగ్లీషు చదివించాలన్న కోరిక నాన్నకు ఆనకట్ట దగ్గరి విజయపురి సౌత్‌లో పుట్టింది. మా చేలకు కాలవ నీళ్లు రాని ఏడు, నలుగురు రైతులతో కలిసి అక్కడి ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్లాడు. పొద్దుటినుంచీ బయట నిలబెట్టారు. ఎంత అడిగినా ప్యూను పలకలేదు. ఇంతలో ఇంజనీరు కూతురు, నా ఈడు పిల్ల, క్వార్టర్స్ నుంచి వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. ప్యూను లేచి నిలబడి జవాబు చెప్పాడు. నాన్న ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ సంగతే చెప్పాడు. నీళ్ల సంగతి అమ్మ అడిగితే గానీ చెప్పలేదు.

బాబాయి ఆ బడికి వెళ్లి కనుక్కొచ్చాడు. తల్లిదండ్రులిద్దరూ డిగ్రీ చదివి ఉండాలట. ఇద్దరికీ ఇంటర్వ్యూ ఉంటుందట. తల్లికి ఇంగ్లీషు తప్పకుండా రావాలట, ఇంట్లో పిల్ల చదువు చూసుకునేది తల్లే కాబట్టి. పిల్ల ఉండేది హాస్టల్లో. ఇంట్లో చూసుకునేది ఎప్పుడని ఎవరూ అడగలేదు.

నాన్న పదో తరగతి తప్పాడు. అమ్మ మా ఊరి బళ్లో అయిదు చదివింది. తెలుగు బాగా చదివేది. వారపత్రికలో వచ్చే సీరియల్‌ను మధ్యాహ్నం మా వసారాలో పైకి చదువుతుంటే, మిరపకాయలకు తొడిమలు తీస్తూ పదిమంది ఆడవాళ్లు వినేవాళ్లు. ఆ బడికి అది చదువు కాదు. బాబాయి బీకాం. పిన్ని గుంటూరులో బీయే చదివింది. వాళ్లకప్పటికి పిల్లల్లేరు.

"మేము పోతే సరిపోతుంది గదా, వదినా" అన్నాడు బాబాయి.

నాన్న ఆలోచనలో పడ్డాడు. నాయనమ్మ పడలేదు.

"చిన్నాన్నంటే నాన్న కాదంటరా? పిన్నంటే అమ్మ కాదా? ఇంటిపేరొకటే, నెత్తురొకటే. ఇందులో అబద్ధమేముందిరా?" అంది.

ఆమె తెలివితక్కువగా అన్న మాట కాదది. మా వైపు అన్నదమ్ముల ఇళ్లలో అట్లాగే ఉండేది. పిల్లలెంతమంది అని అడిగితే మగవాళ్లు తమ్ముడి పిల్లల్ని కూడా కలిపి చెప్పేవాళ్లు. ఎవరి పిల్ల ఏ ఇంట్లో తిన్నదీ, ఎక్కడ పడుకున్నదీ లెక్క ఉండేది కాదు. పెళ్లిలో తల్లిదండ్రులు పీటల మీద కూర్చునే వీలు లేకపోతే పిన్నీ బాబాయీ కూర్చుని కన్యాదానం చేసేవాళ్లు. దేవుడి ముందు చెల్లింది గేటు దగ్గర ఎందుకు చెల్లదు అనుకున్నారు. అది మంచి ఆచారం. మేము మునిగింది దానితోనే.

ఇంటర్వ్యూ తేలిగ్గానే అయిపోయింది. ప్రిన్సిపాల్ ఒక పేజీ ఇచ్చి పిన్నిని చదవమంది. పిన్ని తడబడకుండా చదివింది. బాబాయిని జీతమెంతని అడిగింది. నన్ను, మీ అమ్మ పేరేమిటని ఇంగ్లీషులో అడిగింది. ఆ ప్రశ్నకు పిన్ని నాకు రాత్రే జవాబు నేర్పింది.

బయటికొచ్చేసరికి అమ్మ సోడా బండి పక్కన నీడలో నిలబడి ఉంది.

"ఏం అడిగారే?" అంది.

"అమ్మ పేరు."

"చెప్పావా?"

"చెప్పా."

"తడుముకోలేదుగా?"

తడుముకోలేదని పిన్ని చెప్పింది. అమ్మ నాకు గోలీసోడా కొనిపెట్టింది. తను తాగలేదు. సీటు వచ్చిందన్న సంతోషం ఆమె ముఖంలో నిజంగానే ఉంది. నాకది స్పష్టంగా గుర్తు. అందరం ఆ సాయంత్రం దాకా సంతోషంగానే ఉన్నాం.

సాయంత్రం బాబాయి ఒక కార్డు తెచ్చాడు. దాని మీద ఆయనదీ పిన్నిదీ రెండు ఫోటోలు అంటించి ముద్ర వేసి ఉన్నాయి. నెలలో మొదటి ఆదివారం తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని చూడొచ్చు. కార్డులో ఫోటో ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తారు. అమ్మ ఆ కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మరి నేనో?" అంది.

మావాళ్లు బళ్లో ఫీజు అడిగారు, యూనిఫారం అడిగారు, ఏ సబ్బు తీసుకురావాలో కూడా అడిగారు. కన్నతల్లి ఏ దారిన లోపలికి రావాలన్నది మాత్రం అంతకుముందు ఎవరికీ తోచలేదు. కార్డు దించి, "సెలవలకొస్తదిగా" అని తనే సమాధానం చెప్పుకుంది.

నేను ఇన్నేళ్లు పాఠాలు చెప్పి ముందుగానే రిటైరయ్యాను కాబట్టి, పిల్లల్ని ఏ బళ్లో వేయాలి, ఏమేం చూసుకోవాలి అని చుట్టాలూ ఇరుగుపొరుగూ నన్ను అడుగుతుంటారు. సిలబస్ గురించి చెప్తానని ఎదురుచూస్తారు. తల్లిని గేటు దగ్గర ఏమని పిలుస్తారో ముందు కనుక్కోండి అంటాను. నాకు మతి తప్పిందనుకుని వేరేవాళ్లను అడుగుతారు.

మొదటి ఏడాది ఆదివారాలు పిన్నే వచ్చేది. అమ్మ చేసి పంపిన కారప్పొడీ, చెక్కలూ తెచ్చేది. పక్క మంచాల పిల్లలు చూస్తుండేవాళ్లు కాబట్టి నన్ను దగ్గరికి తీసుకోవాలి. ఆమెకు అది చేతకాలేదు. నా తల మీద చెయ్యి వేసి, ఎంతసేపు ఉంచాలో తెలియనట్టు ఉంచేది. చెడ్డది కాదు పిన్ని. తనకు రాని పని ఒకటి ఆమె నెత్తిన పెట్టారు.

రెండో ఏడు వేసవి ముందు నాకు ఆటలమ్మ పోసింది. ఒంటి నిండా పొక్కులు. అంటుకుంటుందని నన్ను పడకగది నుంచి తీసి, ఆఫీసు వరండా చివర ఉన్న చిన్న గదిలో పెట్టారు. వెంటనే వచ్చి తీసుకెళ్లమని ప్యూనును బాబాయి ఇంటికి పంపారు. ఇల్లు తాళం వేసి ఉంది. బ్యాంకు వాళ్లిచ్చే ప్రయాణం ఖర్చుతో వాళ్లిద్దరూ తిరుపతి వెళ్లారు. ఆ ఇంటి యజమాని మోటారు మెకానిక్, ముస్లిం. మా సంగతి ఆయనకు తెలుసు. ప్యూను వెళ్లిపోగానే బస్టాండుకు పోయి, గురజాల బస్సు కండక్టరుతో మా ఊరికి కబురు పెట్టాడు. అప్పట్లో కబుర్లు అట్లాగే పోయేవి.

నాన్న పత్తికి మందు కొట్టిస్తూ చేలో ఉన్నాడు. అమ్మ ఆయన కోసం ఆగలేదు. మా వైపు అమ్మవారు పోసిన పిల్లను ఇల్లు దాటనివ్వరు. తల్లి పక్కన ఉండాలి. పొక్కులు మాడాక తలకు నీళ్లు పోసేది కూడా తల్లే. వేరేవాళ్లు పోయరు. ఆ పిల్ల ఇక్కడ పరాయి చోట ఒక్కతే పడి ఉంది. అమ్మ చేతికందిన వేపమండలు సంచిలో పెట్టుకుని, కట్టిన చీరతోనే బస్సెక్కి, పిడుగురాళ్లలో మారి, మధ్యాహ్నానికి వచ్చింది.

నేను ఆ చిన్న గది కిటికీలోంచి చూశాను. ఆఫీసు మేడం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అమ్మ మెట్ల కింద నిలబడింది.

"ఎవరు నువ్వు?"

"పాపను తీసుకపోదామని వచ్చానమ్మా."

"కార్డేది?"

"కార్డు లేదమ్మా."

"కార్డు లేకుండా పిల్లనెట్లా పంపిస్తాం? రేపు ఏదన్నా అయితే ఎవరు సమాధానం చెప్తారు? ఇంతకీ ఆ పిల్లకు నువ్వేమవుతావు?"

తల్లినంటే లోపల ఉన్న కాగితాల్లో తల్లి వేరే ఉంది. అప్పుడు నన్ను ఆ రోజుతో పంపించేస్తారు. నాన్న ఆశ పోతుంది. మరిదీ తోడికోడలూ అబద్ధాలవాళ్లవుతారు. ఏమీ కానంటే నన్ను ఇవ్వరు. ఇవన్నీ ఆమె ఆ మెట్ల దగ్గర ఆలోచించిందో లేదో నాకు తెలియదు. చెంగు తీసి భుజం చుట్టూ కప్పుకోవడం మాత్రం చూశాను. మా చేలో పత్తి ఏరడానికి వచ్చే ఆడవాళ్లు నాన్నతో మాట్లాడేటప్పుడు అట్లా కప్పుకునేవాళ్లు.

"ఆళ్లింట్లో పని చేస్తానమ్మా" అంది. "అమ్మగారు, అయ్యగారు తిరపతి పొయ్యారు. పాపకిట్టా ఉందని తెలిసి పెద్దోళ్లు నన్ను పంపించారు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది మేడం.

తల్లినని చెబితే సవాలక్ష ప్రశ్నలు వచ్చేవి. పనిమనిషినంటే ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆ కాళ్ల పగుళ్లూ, ఆ నేత చీరా, బస్సు దుమ్మూ చూసి అవునని నమ్మింది. రిజిస్టరు ముందుకు తోసి, సంతకం వచ్చా అని అడిగింది.

"ఏలిముద్రేనమ్మా" అంది అమ్మ.

సీరియళ్లు చదివి వినిపించే మనిషి ఎడమ చెయ్యి ముందుకు చాపింది. మేడం సిరా పెట్టె తెరిచింది.

తర్వాత అమ్మ నా గది గుమ్మం దగ్గరికొచ్చి, మేడం వింటుండగా, "రాండి పాపగారూ, పోదాం" అంది. నేను లేచి ఆమె వెంట నడిచాను. గేటు దాటి రోడ్డు మలుపు తిరిగేదాకా నన్ను ముట్టుకోలేదు. తిరిగాక ఎత్తుకుంది. నేను పదేళ్ల దాన్ని, బరువే.

బస్సులో వేపమండలు చూసి జనం మా వెనక సీటు వదిలేశారు. ఒక ముసలామె మాత్రం నాకు దణ్ణం పెట్టింది. అమ్మవారు పోసిన పిల్లకు పెడతారు.

"ఎందుకట్టా చెప్పావమ్మా?" అన్నాను.

"చెప్పకపోతే నిన్ను ఇయ్యరుగా."

"పనిమనిషినని ఎందుకు? అత్తనని చెప్పొచ్చుగా."

"అత్తకు కార్డడుగుతారే. పనిమనిషికి ఎవురడుగుతారు?" అంది. వేపమండతో నాకు విసురుతూ, "ఒకందుకు మంచిదే అయింది. ఇంకనించి రావచ్చు" అంది.

వచ్చింది. పదో తరగతి పూర్తయ్యేదాకా, వ్యవసాయం పనులు మీద పడ్డ నెలలు తప్ప, మొదటి ఆదివారాలన్నీ వచ్చింది. పిన్ని ముందు నడిచేది. అమ్మ వెనక క్యారియరు పట్టుకుని నడిచేది. వాచ్‌మన్ పిన్ని కార్డు చూసి, అమ్మను చూడకుండానే తలుపు తీసేవాడు. తల్లిదండ్రులకు హాల్లో కుర్చీలు వేసేవాళ్లు. ఆయాలూ డ్రైవర్లూ బయట అరుగు మీద కూర్చునేవాళ్లు. అమ్మ అక్కడ కూర్చునేది. నేను హాల్లో పిన్ని ఎదురుగా కూర్చుని, కిటికీలోంచి అమ్మను చూస్తూ, అమ్మ వండిన అన్నం తినేదాన్ని. కంచం కడిగేటప్పుడు కుళాయి దగ్గర మాకు కాస్త సమయం దొరికేది. తిన్నావా, తలలో పేలున్నాయా, ఎవరన్నా కొడుతున్నారా అని గబగబా అడిగేది. నేను జవాబు చెప్పేలోగా ఎవరో ఒకరు వచ్చేవాళ్లు.

నాన్నను కూడా ఒకసారి రమ్మంది.

"నన్నేమని చెప్తావు? డ్రైవరునంటావా?" అన్నాడు.

"మనకు కారేదీ?"

"అదే నేను చెప్పేది" అన్నాడు నాన్న. ఆయన ఎప్పుడూ రాలేదు. నాకు ఇంగ్లీషు వస్తోందా అని సెలవులకొచ్చినప్పుడు అడిగేవాడు. రెండు వాక్యాలు చెప్పించుకుని వినేవాడు. అర్థం అడిగేవాడు కాదు.

ఎనిమిదో తరగతిలో ఒక ఆదివారం నా పక్క మంచం అమ్మాయి, మాచర్ల సిమెంటు వ్యాపారి కూతురు, అరుగు దగ్గరికి వెళ్లి అమ్మతో, "ఆయా, మా మమ్మీకి చల్లటి నీళ్లు పట్టుకురా" అంది. చెడ్డగా అనలేదు. వాళ్లింట్లో ఆయాతో ఎట్లా అంటుందో అట్లాగే అంది. అమ్మ లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. హాల్లో పిన్ని అది చూసింది. తింటున్న ముద్ద కిందపెట్టేసింది. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు రోడ్డు మీదే ఏడ్చిందట. దారిలో అమ్మా పిన్నీ అన్న మాటలు సెలవుల్లో ఇద్దరూ నా ముందే మళ్లీ అనుకున్నారు.

"ఇంక నేను రానక్కా. నాకు సిగ్గుగా ఉంది" అంది పిన్ని.

"నీకెందుకే సిగ్గు? నువ్వు కుర్చీలో కూర్చుంటివి."

"అందుకే."

"నువ్వు రాకపోతే నన్నెట్టా రానిస్తారు?" అంది అమ్మ. "అమ్మగారు లేంది పనిమనిషి ఎందుకొచ్చినట్టు? నోరు మూసుకుని రా."

పిన్ని వచ్చింది. కానీ ఆ తర్వాత మా ఇంట్లో అడుగుపెడితే అమ్మ ముందు కుర్చీలో కూర్చునేది కాదు. నాయనమ్మ కారణం అడిగితే నడుం నొప్పనేది. నాయనమ్మ అన్న మాట నిజం కావాలని అందరం చాలా ప్రయత్నించాం. పిన్ని అమ్మ కాలేదు సరికదా, పిన్నిగా కూడా మిగల్లేదు.

పదో తరగతి అయ్యాక ఇంటికొచ్చేశాను. చదువు వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది. నాన్న కోరుకున్నట్టే ఆఫీసుల్లో నన్ను కూర్చోమనేవాళ్లు. ఆ బడి తన పని తాను చేసింది, కాదనను. అమ్మకు మాత్రం అరుగు అలవాటైపోయింది. నేను ఉద్యోగం చేసే ఊళ్లో మా కాలేజీవాళ్లు ఇంటికొస్తే, వాళ్ల నోట ఇంగ్లీషు ముక్క వినపడగానే లేచి గుమ్మం పక్కకు జరిగేది. మా అమ్మ అని పరిచయం చేస్తే, కంగారుగా నా వైపు చూసేది, నేనేదో తప్పు చెప్పినట్టు. ఎన్నిసార్లు చెప్పినా ఆ చూపు పోలేదు. ఇంక ఎవరికి భయపడాలమ్మా అని ఒకసారి అడిగాను. "భయం కాదే. కాళ్లు లేస్తాయి" అంది.

పోయిన ఏడు అమ్మ పోయింది. పెద్దకర్మ రోజు ఆ పక్క మంచం అమ్మాయి వచ్చింది. పదో తరగతి తర్వాత మళ్లీ చూడటం అదే. ఎవరో చెబితే కబురు తెలిసిందట. లోపలికొస్తూనే గోడకు ఆనుకుని కింద కూర్చున్న పిన్నిని చూసి ఆగిపోయింది.

"మీ అమ్మ పోయిందన్నారు. ఈమె మీ మమ్మీ కాదూ?" అని నా చెవిలో అడిగింది.

నేను దండ వేసిన ఫోటో చూపించాను. ఆమె దగ్గరికి వెళ్లి చూసింది. గుర్తుపట్టింది.

"మీ ఆయా కదే" అంది.

"మా అమ్మ."

అర్థం కావడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. అయ్యాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నీళ్ల సంగతి ఆమెకు గుర్తుందో లేదో నేను అడగలేదు. గుర్తులేకపోవచ్చు. అటువంటివి తెప్పించుకున్నవాళ్లకు గుర్తుండవు. పిన్ని తలెత్తి మా ఇద్దర్నీ చూసి, మళ్లీ దించుకుంది.

భోజనాలయ్యాక వెళ్లబోతూ, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, తన కూతురి బిడ్డను వచ్చే జూన్‌లో స్కూల్లో వేస్తున్నామని చెప్పింది. మేము చదివిన బళ్లోనేనట. ఇప్పుడు అది చాలా పెద్దదైందట. వెళ్లి చూసి వచ్చిందట.

"ఏం అడుగుతున్నారు?" అన్నాను.

"ఏమీ లేదే. ఫీజు కడితే చాలు."

"తల్లిని?"

"తల్లినేం అడుగుతారు?" అంది.

ఆమె వెళ్లాక నేనూ ఒకరోజు ఆ దారిన పోతూ లోపలికెళ్లి కనుక్కున్నాను. నిజమే. ఆ బళ్లో ఇప్పుడు తల్లికి ఇంగ్లీషు వచ్చా అని అడగడం లేదు.